గేటు దాకా వచ్చినవాడు

"అరకిలో బెల్లం! ఎవరి కోసమే? ముక్కూ మొహం తెలియని వాళ్ళకి పంచిపెట్టడానికా?"

"బెల్లం నాది, చెనిక్కాయలు నావి. నువ్వు గిన్నె ఇచ్చినావు, అంతే. కావాల్నంటే గిన్నె నాలికతో నాకి ఇస్తా, కడిగే నీళ్ళు గూడా మిగుల్తాయి నీకు."

"గ్యాసో? అది ఊరికే వస్తోందా?"

"ఆ సిలిండరు నువ్వు పొయ్యేటప్పుడు నెత్తిన పెట్టుకోని పోతువులే అక్కా."

"వెటకారాలు ఆపు. తొమ్మిదేళ్ళ నుంచీ చూస్తున్నాను. షిప్పు వచ్చిందంటే చాలు, పోయి ఎండలో నిలబడటం. వచ్చాడా? ఒక్కసారైనా వచ్చాడా నీ కొడుకు?"

"రాలే. రాలేదు గనకనే పోతాండా. రేపటితో సరి. రేపు గూడా రాకపోతే, వానికి అమ్మ మీద మనసు లేదనుకుంటా. అనుకోని, ఊరికి పోయి నా బతుకు నేను బతుకుతా. చాలునా నీకి?"

గురువారం సాయంత్రం మా వంటింట్లో మా ఇద్దరికీ జరిగిన గొడవ ఇది. నాకు ఎదురుగా నిలబడి పాకం తిప్పుతున్నది ఓబులమ్మ. కడప వైపు మనిషి. నాకన్నా ఆరేళ్ళు చిన్నది. ఈ దోహాలో ఒకే ఇంట్లో, ఒకే గదిలో, పక్కపక్క మంచాల మీద పదకొండేళ్ళు ఉన్నాం. ఆమె కొడుకు పేరు కేశవ. పెద్ద ప్రయాణికుల షిప్పుల్లో పని చేస్తాడు.

వచ్చాడా అని అడిగింది నేను. వచ్చాడని తెలిసినదాన్నీ నేనే. ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. మనవరాలు సగం రాసి వదిలేసిన నోటుబుక్కులో మిగిలిన కాగితాలు పారేయడం ఇష్టంలేక దాచాను. వాటి మీదే ఇది రాస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా ఒక్క మాట లోపల పెట్టుకుని తిరిగాను. అది పెద్ద మాట కూడా కాదు. లేదు, అన్న మాట. అంత చిన్న మాట ఇన్నేళ్ళు ఇంత బరువు ఎలా తూగిందో నాకే అర్థం కాదు. నేను ఊళ్ళో వాళ్ళ తప్పులు ఎంచే మనిషిని. టీపొడి రెండోసారి మరిగించకుండా పారేస్తే కూతుర్ని తిడతాను. అల్లుడు కుళాయి వదిలేస్తే కేకలేస్తాను. నా కింద ఇంత పెట్టుకుని ఆ కేకలన్నీ ఎలా వేశాను?

మొదటి నుంచీ చెబుతాను.

అప్పుడు మేం అల్ హిలాల్‌లో ఒక పెద్ద ఇంట్లో పని చేసేవాళ్ళం. నాది వంట. ఓబులమ్మది ఇల్లు తుడవడం, బట్టలు, పిల్లలు. ఆ ఇంటి మేడం చెడ్డది కాదు. కాకపోతే మా పేర్లు ఆమెకు నోరు తిరగలేదు. వచ్చిన మొదటి రోజే నన్ను మరియం అంది. ఓబులమ్మను నూరా అంది. ఇక్కడ చాలా ఇళ్ళల్లో అంతే. పాత పనిమనిషి పేరు కొత్త పనిమనిషికి పెట్టేవాళ్ళూ ఉన్నారు. మేమూ పట్టించుకోలేదు. పేరు ఏదైతేనేం, పిలిస్తే పలకాలి, అంతే కదా అనుకున్నాం. కొన్నాళ్ళకు మేడం పిల్లలు, డ్రైవర్లు, పక్కింటి వాళ్ళు అందరికీ మేం మరియం, నూరాలమే. మా గదిలో తలుపు వేసుకున్నాకే ఆమె ఓబులమ్మ, నేను అక్క.

తొమ్మిదేళ్ళ కిందటి చలికాలం మొదట్లో ఆమె కొడుక్కి షిప్పులో ఉద్యోగం వచ్చింది. బట్టలుతికే విభాగంలో. ఎనిమిదేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చింది వాణ్ణి. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వెళ్ళి చూసింది. మూడోసారి వెళ్ళేసరికి వాడు హాస్టల్లో పరీక్షలు రాస్తున్నాడు. ఆ తర్వాత ఆమె సెలవూ వాడి సెలవూ కలవలేదు. ఊళ్ళో ఒక పుకారు కూడా పుట్టింది. ఓబులమ్మ దుబాయిలో ఇంకొకణ్ణి చేసుకుందట, అందుకే రావడం లేదట. దుబాయి కాదు మొర్రో అంటే వినేవాళ్ళెవరు? ఆ మాట చెప్పి ఆమె నవ్వేది. "నన్ను చేసుకునేటోడు యాడుండాడక్కా, ఇస్త్రీ పెట్టెను చేసుకున్యా." నవ్వి, దుప్పటి మీదికి లాక్కునేది.

కేశవ ఫోనులో చెప్పాడు, మా షిప్పు ఈ చలికాలం గల్ఫు వైపు వస్తుందమ్మా అని. ఏ రోజో వాడికీ తెలియదు. ఇంటి అడ్రసు తీసుకున్నాడు.

షిప్పులంటే నాకు కొత్త కాదు. మాది కాకినాడ పక్క. కానీ అక్కడి ఓడలు సరుకు దింపడానికి రోజుల తరబడి ఉంటాయి. ఈ తెల్ల షిప్పులు అలా కాదు. తెల్లవారుజామున వస్తాయి, సాయంత్రం వెళ్ళిపోతాయి. చూడటానికి వచ్చినవాళ్ళు బస్సులెక్కి ఊరు చూస్తారు. లోపల పని చేసేవాళ్ళకు డ్యూటీల మధ్యలో రెండు మూడు గంటలు బయటికి వదులుతారు. వాళ్ళు ఊరు చూడరు. ఎక్కడ ఉచితంగా నెట్టు దొరికితే అక్కడ, రేవు పక్క రంగురంగుల ఇళ్ళ ముందు బెంచీల మీద కూర్చుని ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటారు. ఆ రెండు మూడు గంటల్లోంచి ఒకటిన్నర గంట తీసుకుని ఒక పిల్లవాడు టాక్సీ ఎక్కి అల్ హిలాల్ దాకా వచ్చాడంటే, వాడి మనసులో ఏముందో మీరే ఊహించుకోండి.

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో విందు. ముప్ఫై మంది వస్తారు. పొద్దున్నే మేకలు దిగాయి. ఓబులమ్మ పైన డాబా మీద తివాచీలు ఉతుకుతోంది. మా ఫోన్లు పగలు మేడం ఆపేసి సొరుగులో పెట్టుకునేది, పనయ్యాక ఇచ్చేది. అందుకే వాడు చేసినా మోగి ఉండదు. నేను వంటింట్లో ఉల్లిపాయలు వేయిస్తున్నాను. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది.

గేటు దగ్గర ఒక కుర్రాడు. నీలం చొక్కా, తెల్ల బూట్లు. కొత్తగా చేరిన డ్రైవరుతో ఏదో అడుగుతున్నాడు. అతను వచ్చి నెల కూడా కాలేదు, మన దేశం వాడు కూడా కాదు. తల అడ్డంగా ఆడించాడు. కుర్రాడు ఫోనులో ఏదో ఫొటో చూపించాడు. డ్రైవరు చూసి మళ్ళీ తల ఆడించాడు. ఏ ఫొటోనో తర్వాత ఊహించాను. పూలు పెట్టుకుని, పెళ్ళి చీరలో ఉన్న ఓబులమ్మ అయి ఉంటుంది. నల్ల గుడ్డ కట్టుకుని తల వంచుకుని నడిచే నూరాకూ ఆ ఫొటోకూ పోలిక ఎక్కడ? కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందు. అచ్చం వాళ్ళమ్మ నవ్వు. నేను గరిటె ఆపేశాను.

డ్రైవరు వంటింటి తలుపు దగ్గరికి వచ్చాడు. వచ్చీరాని హిందీలో అడిగాడు.

"మరియం, ఇధర్ ఓబులమ్మ కోయీ హై?"

"మాఫీ," అన్నాను. లేదు అని. అరబ్బీలో అన్నాను.

"పక్కా?"

"మాఫీ. యల్లా, పనుంది, వెళ్ళు."

అంతే. ఆ రోజు నా నోటి నుంచి వచ్చింది అంతే.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కొన్నాళ్ళు ఒక జవాబు చెప్పుకున్నాను. పనిమనిషి కోసం మగపిల్లాడు గేటు దగ్గరికి వస్తే మేడం ఊరుకోదు, ఓబులమ్మ ఉద్యోగం పోతుంది, అందుకే అన్నాను అని. అది అబద్ధం కాదు. అలా ఉద్యోగాలు పోయిన వాళ్ళున్నారు. కానీ నిజం కూడా కాదు. కొడుకని చెబితే మేడం పిలిచి కూర్చోబెట్టి పాయసం పెట్టేది. ఆమెకూ కొడుకులున్నారు. ఇంకొన్నాళ్ళు ఇంకో జవాబు. ముప్ఫై మందికి వంట, ఆమె కిందికి వచ్చి కొడుకుని పట్టుకుని ఏడుస్తూ కూర్చుంటే పనంతా నా నెత్తిన పడేది అని. అదీ కొంత నిజమే. నేను పని దగ్గర కఠినమైన దాన్ని. కానీ ఆ మాత్రం పని నాకు లెక్కా?

అసలు నిజం ఇది. మా పద్మ, నా ఒక్కగానొక్క కూతురు, అప్పటికి ఏడాదిన్నరగా నాతో మాట్లాడటం లేదు. "పెంచాల్సినప్పుడు లేవు, ఇప్పుడు అమ్మనంటూ ఫోన్లెందుకు" అంది. నా భర్త పోయాక నేను గల్ఫు రాకపోతే అది నర్సు చదువు చదివేదా? ఆ సంగతి దానికి చెప్పలేదు. చెప్పుకోవడం నాకు చేతకాదు. ప్రతి శుక్రవారం చేసేదాన్ని, అది ఎత్తేది కాదు. పక్క మంచం మీద ఓబులమ్మ, కేశవ ఇది అన్నాడు, కేశవ అది అన్నాడు అని మురిసిపోతూ ఉండేది. ఆ రోజు ఆ పిల్లవాణ్ణి గేటు దగ్గర చూశాక నాకు కలిగింది ఒకటే. ఈమె కొడుకు సముద్రం మీద నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. నా కూతురు ఫోను కూడా ఎత్తలేదు. ఈమెకెందుకు? నాకెందుకు లేదు?

కుళ్ళు. దానికి ఇంకో పేరు లేదు.

పొరపాటున నోరు జారిందంటే మీరు నమ్మొచ్చు. నేను నమ్మను. ఎందుకంటే వాడు వెంటనే వెళ్ళలేదు. ఎదురింటి గోడ నీడలో నిలబడ్డాడు. కాగితం తీసి ఇంటి నంబరు మళ్ళీ చూసుకున్నాడు. గడియారం చూసుకున్నాడు. అన్నం ఉడికేంతసేపు అక్కడే ఉన్నాడు. ఆ సేపంతా నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మేడ మెట్లు పద్నాలుగు. ఎక్కి పిలవొచ్చు. ఎక్కక్కర్లేదు, మెట్ల కింద నిలబడి కేకేసినా వినిపిస్తుంది. వాడు వెళ్ళిపోయే దాకా ఉల్లిపాయలు వేయించాను. మాడనివ్వలేదు కూడా. ఆ రోజు అన్నం బాగా కుదిరిందని మేడం మెచ్చుకుంది.

ఓబులమ్మ తడి చేతులతో దిగి వచ్చి, "గేటు కాడ ఎవురో వచ్చినట్టుండారే?" అంది. నీళ్ళ డబ్బాలవాడు అన్నాను.

సాయంత్రం పొద్దు వాలకముందు మేడం పిల్లల్ని సముద్రపు ఒడ్డుకు తిప్పడానికి మమ్మల్నిద్దర్నీ పంపింది. రేవులోంచి తెల్ల షిప్పు మెల్లగా కదులుతోంది. ఓబులమ్మ చంకలో మేడం చిన్న కూతురు. "టాటా చెప్పమ్మా, షిప్పుకు టాటా చెప్పు," అంటూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఊపింది. తర్వాత తన చెయ్యీ ఊపింది. షిప్పు చిన్నదయ్యేదాకా ఊపుతూనే ఉంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత కేశవ ఫోన్లు ఆగిపోయాయి. నంబరు మార్చాడు. "ఆమె సంగతి నా దగ్గర ఎత్తొద్దు" అని మేనమామతో ఒక్క మాట అన్నాడట, ఎందుకో చెప్పలేదట. ఎందుకో నాకు తెలుసు. ఆమె ఇచ్చిన అడ్రసులో ఆమె పేరే ఎవరికీ తెలియదు. పుకారు నిజమేననుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, చెప్పలేదు. కూతురు పుట్టింది, చెప్పలేదు. ఓబులమ్మకు అన్నీ తమ్ముడి ద్వారా తెలిసేవి. చిన్నప్పుడు వదిలేసి వచ్చిన పాపం తగిలిందక్కా అనేది. నేను ఆమె తల నిమిరేదాన్ని. ఈ చేత్తోనే.

ఇంకొకటి కూడా రాయాలి. రాయకపోతే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది. అదే ఏడాది ఎండాకాలంలో ఓబులమ్మ నాకు చెప్పకుండా నా ఫోను తీసుకుని పద్మకు చేసింది. నేను స్నానానికి వెళ్ళినప్పుడు. "నేను మీయమ్మ కాదు పాపా, పెట్టేయొద్దు. మీయమ్మ నిద్దట్లో నీ పేరు పలవరిస్తాది, నాకి నిద్ర ల్యాకుండా పోతాండాది. నా కోసరమన్నా మాట్లాడు తల్లీ," అందట. పద్మ నవ్విందట. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోను నా చేతిలో పెట్టింది. అవతల నా కూతురు అమ్మా అంది. అలా మొదలై, ఇప్పుడు పద్మ ఇక్కడే అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఈ ఫ్లాటు. నేను పని మానేసి దీని దగ్గరే ఉంటున్నాను. కొడుకు పోగొట్టుకున్న మనిషి నా కూతుర్ని నాకు తెచ్చి ఇచ్చింది. పోగొట్టింది నేను. ఇచ్చింది ఆమె.

అల్లుడు పర్యాటకుల బస్సు నడుపుతాడు. ఏ రోజు ఏ షిప్పు వస్తుందో అతనికి ముందే తెలుస్తుంది. ఓబులమ్మకు సెలవు శుక్రవారం. శుక్రవారం షిప్పు ఉందంటే గురువారం సాయంత్రమే మా ఇంటికి వచ్చి బెల్లం పాకం పడుతుంది. పొద్దున్నే ఆ వేరుశనగ ఉండలు డబ్బాలో పెట్టుకుని రేవు దగ్గరికి వెళ్ళి, బయటికి వచ్చే షిప్పు పిల్లలకి పంచుతుంది. ఏ దేశం పిల్లలైనా సరే. మనవాడు కనిపిస్తే, "కడపోడు కేశవ తెలుసునా నాయనా?" అని అడుగుతుంది. తొమ్మిది చలికాలాలు. నేను బెల్లం దండగని తిట్టేదాన్ని. నా భయమంతా ఎవడైనా తెలుసు అంటాడేమోనని.

వచ్చే నెల ఆమె ఊరికి వెళ్ళిపోతోంది. మోకాళ్ళు పనిచేయడం లేదు, మేడం పంపించేస్తోంది. ఇక రాదు. చెప్పకుండా సాగనంపేద్దామనే అనుకున్నాను. మీ దగ్గర దాచడమెందుకు? టిక్కెట్టు రోజు ఎప్పుడొస్తుందా అని కూడా ఎదురుచూశాను. కానీ గురువారం ఆమె ఆ మాట అంది. వానికి మనసు లేదనుకుంటా, అని. మిగిలిన బతుకంతా ఆ తల్లి ఆ అబద్ధం మీద బతుకుతుంది. ఆ పిల్లవాడికి మనసు ఎంతుందో ఈ కళ్ళతో చూసినదాన్ని నేను.

ఆమె పాకం దింపి ఉండలు చుట్టసాగింది. నేను పొయ్యి ఆపేశాను.

"వాడు వచ్చాడే," అన్నాను.

"ఎవురు?"

"కేశవ. మేడం ఇంటికి. గేటు దాకా వచ్చాడు. నీ పేరు చెప్పి అడిగాడు. లేవని నేనే చెప్పించాను."

అన్నీ చెప్పాను. డాబా, తివాచీలు, డ్రైవరు, షిప్పుకు టాటా. కుళ్ళుకున్నానని కూడా చెప్పాను. ఆమె చేతిలో సగం చుట్టిన ఉండ ఉంది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో, కొడితే బాగుండుననుకున్నాను. ఆ ఉండను పళ్ళెంలో పెట్టింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"ఏం అంగీ తొడుక్కోనుండె?"

"నీలం. తెల్ల బూట్లు."

"బక్కగుండెనా?"

"లేదు. నిండుగా ఉన్నాడు. నీలాగే నవ్వాడు."

"ఎంతసేపు నిలబడినాడు?"

"అన్నం ఉడికేంతసేపు."

"ఎండలోనా?"

"గోడ నీడలో."

ఆమె తల ఊపింది. ఇంకొకటి అడిగింది.

"నీళ్ళన్నా ఇచ్చినారా వానికి?"

తొమ్మిదేళ్ళలో నన్ను నేను వేసుకున్న ప్రశ్నల్లో ఇది లేదు. ఇవ్వలేదు అన్నాను. ఆమె చెయ్యి కడుక్కుని మనవరాలి గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. మిగిలిన పాకం గట్టిపడకముందే ఉండలు నేనే చుట్టాను. చెయ్యి కాలింది.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె సరే అంటుందేమో. అలాంటి మనిషి. ఆ సరే నాకు వద్దు. నాకు దక్కాల్సింది కాదు.

తెల్లవారింది. ఆరింటికి ఓబులమ్మ లేచి స్నానం చేసి వచ్చింది. ఫోనులో తమ్ముడి నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది. "నాకి చెప్పినట్టే చెప్పు. తగ్గించొద్దు," అంది. నేను నిలబడే చెప్పాను. అవతల ఆయన చివరిదాకా విని, కేశవ నీళ్ళ మీద ఉన్నాడు, నెట్టు దొరికినప్పుడు నేను మాట్లాడతా అన్నాడు.  ఓబులమ్మ ఫోను తీసుకుంది. ఉండల డబ్బా సంచిలో పెట్టుకుంది. నేనూ వస్తానన్నాను. వద్దు అంది. చెప్పులేసుకుని వెళ్ళింది.

పద్మ లేచి, "పిన్ని ఏదీ, అప్పుడే వెళ్ళిపోయిందా?" అంది. కూర్చోబెట్టి టిఫిను పెట్టి దానికీ చెప్పాను.  అది నా మొహం చూడకుండా తన కంచం తీసుకెళ్ళి కడుక్కుంది.

అప్పుడు నాకు ఆకలేసింది. దోసెలు రెండు పోసుకుని తిన్నాను.